మా చెల్లెలి ఊరికి మూడు పేర్లు

“బతికున్నదో లేదో తెల్వని మనిషి పేరు మీద బియ్యమిస్తే శాపం పెట్టినట్టే రాములు. నేనియ్య.”

“రెండేండ్ల సంది కబురు లేదమ్మా. చిన్నమ్మకు కొడుకా, బిడ్డా? పోయి ఉంటే మనం గూడ ఇయ్యకపోతే ఇంకెవలిస్తరు?”

“పోయి సూసొస్త. వచ్చినంక ఇస్తనో ఇయ్యనో చెప్త.”

“ఏ ఊరికి పోతవు? కచేరీల అడిగొచ్చిన. నువ్వు చెప్పే బూరుగుకుంట సర్కారు కాయితాల్ల లేనే లేదంట.”

“లేని ఊర్ల నా చెల్లె ముప్పయ్యేండ్లు ఎట్ల కాపురం చేసిందిరా? మబ్బుల మీద చేసిందా?”

పెత్రమాస ఇంకా వారం ఉందనగా సూర్యాపేటలో మా ఇంట్లో నాకూ నా కొడుక్కూ నడిచిన గొడవ ఇది. నిజాం మీదికి మిలటరీ వచ్చి ఏడాది అయింది. పెత్రమాస నాడు మా దిక్కు ప్రతి ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పి అయ్యవారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. పేరు చెప్పకపోతే వాళ్ళు ఏడాదంతా పస్తుంటారని మా నమ్మకం. బతికున్నవాళ్ళ పేరు చెప్పామంటే అంతకు మించిన పాపం లేదు. నా చెల్లెలు రంగమ్మ ఈ రెండింటిలో ఎటు ఉన్నదో మాకు తెలియదు. ఆమెకు పిల్లలు నిలవలేదు. భర్త చంద్రయ్య మాలాగే మగ్గం నేసేవాడు. నూలు తెచ్చే షావుకారు బండితో అప్పుడప్పుడు మంచీచెడ్డా తెలిసేది. అల్లర్లు మొదలయ్యాక ఆ బండి ఆగింది, కబురూ ఆగింది.

ఆ ఏడే మా కులపెద్దలు ఇంటింటా మూడు తరాల పేర్లు, ఊర్లు రాయించమన్నారు. అల్లర్లలో ఎవరు ఎటు చెదిరిపోయారో తెలుస్తుందని. రాములు కూర్చుని రాశాడు. అందరి పక్కనా ఊరు రాసి రంగమ్మ పక్కన ఖాళీ వదిలాడు. సర్కారు ఎరగని ఊరు నేను రాయనన్నాడు. వాడి చదువు అలాంటిది. నాది వీధిబడిలో రెండేళ్ళ చదువు. నేను రాసిన దాంట్లో తప్పులుంటే దిద్దుకుని చదవండి. నాలాగా తమవాళ్ళను వెతుక్కుంటూ ఆ దిక్కు పోయేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

చెల్లెలి ఊరు నేనెప్పుడూ చూడలేదు. మా అయ్య, తర్వాత మా అన్న పోయి వచ్చేవాళ్ళు. ఇద్దరూ ఇప్పుడు లేరు. “కోదాడ మీదికెళ్ళి పోవాలె, నేరేడుచర్ల దాటినంక కుడిచేతి దిక్కు, వాగవతల” అని అన్న ఎప్పుడో చెప్పిన గుర్తు ఒక్కటే నా దగ్గర ఉంది.

నాకు తోడుగా నా మరిది నర్సయ్య వచ్చాడు. ఉర్దూ వచ్చినవాడు, మనసు మంచిది. ఆకలికీ ఆగలేడు, నోటికీ ఆగలేడు. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం మూట కట్టాను. హోటళ్ళలో తినే అలవాటు నాకు లేదు, ఇతరులకు నేర్పేదీ లేదు.

పొద్దున ఏడింటికి అన్న బస్సు తొమ్మిదింటికి కదిలింది. బొగ్గు పొయ్యి వెనక తగిలించిన పాత బస్సు. పోయేవాళ్ళు ముందు బల్లల మీద కూర్చోండి. వెనక కూర్చుంటే కోదాడ చేరేసరికి మొహం మసిబారుతుంది. వాన పడుతూ ఆగుతూ ఉంది. బాట పక్క చేలల్లో జొన్న మోకాలెత్తు ఉంది గాని, కలుపు తీసే మనుషులు పలచగా ఉన్నారు. నడుమ మునగాల పరగణా వస్తుంది. అది ఆంధ్ర జిల్లాది, మన నేల మధ్యలో ముక్కలాగా ఉంటుంది.

ఆ పొలిమేరలోనే మిలటరీవాళ్ళు బస్సు ఆపి అందరినీ దించారు. ఒక్కొక్కరినీ ఏ ఊరు పోతున్నావని అడిగారు. నేను ఉన్నమాట చెప్పాను: బూరుగుకుంట. వాళ్ళ పక్కనున్న జవాను చేతిలో కాగితం చూసి అట్లాంటి ఊరు లేదన్నాడు. లేని ఊరి పేరు చెప్పేది అడవిలోవాళ్ళకు అన్నం మోసేవాళ్ళేనని అనుమానం. నన్నూ నర్సయ్యనూ తడినేల మీద కూర్చోబెట్టారు. మూట విప్పి, లోపల చీటీలేమన్నా ఉన్నాయేమోనని రొట్టెలు విరిచి చూశారు. బస్సులోవాళ్ళు మా దిక్కు చూడకుండా తలలు తిప్పుకున్నారు. కండక్టరు రెండుసార్లు హారను మోగించాడు.

చివరికి నర్సయ్య లేచి దండం పెట్టి, ముసలామెకు మతి సరిగా లేదని, పెత్రమాసకు మిర్యాలగూడలో చుట్టాల ఇంటికి పోతున్నామని ఉర్దూలో చెప్పాడు. మిర్యాలగూడ వాళ్ళ కాగితంలో ఉంది. వదిలేశారు. విరిచిన రొట్టెలు మళ్ళీ మూట కట్టుకున్నాను. పారెయ్యడానికి నాకు చేతులు రావు.

“నిజం చెప్తే మట్టిల కూసుండవెట్టిన్రు, అబద్ధం చెప్తే బస్సెక్కిచ్చిన్రు,” అన్నాడు నర్సయ్య. “ఇగ ఊరి పేరు నువ్వు చెప్పకు వదినె, నేను చెప్త.”

“నాకు మతి లేదని గూడ నువ్వే చెప్పినవు గద. ఇగ నా దగ్గర చెప్పనీకి ఏమున్నది,” అన్నాను. దారంతా నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం రొట్టె ముక్క చేతిలో పెడితే మాత్రం తిన్నాడు.

కోదాడ చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ నిజాం హాలీ రూపాయి, అవతలివాళ్ళ కల్దారు రెండూ నడుస్తాయి. ఏది అడుగుతున్నారో ముందే తేల్చుకుని గాని దేనికీ చెయ్యి చాపకండి. నేరేడుచర్ల బస్సు మర్నాడు పొద్దున గాని లేదన్నారు. బాట పక్కన ఒక పూటకూళ్ళామె ఇంటి వసారాలో పడుకోవడానికి చోటు అడిగాను. జగ్గయ్యపేట దిక్కు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, నా ఈడుది. భోజనం చెయ్యకుండా వసారాకే కిరాయి ఇస్తాననేసరికి నా దిక్కు ఒక చూపు చూసి, కిరాయి వద్దు, చారు మాత్రం పోస్తాను తాగండి అన్నది. నర్సయ్య రెండుసార్లు పోయించుకున్నాడు.

ఆమెను అడిగాను. అల్లర్లలో నేరేడుచర్ల దిక్కు జనం కోదాడ మీదుగానే సరిహద్దు దాటి పోయారు, మళ్ళీ ఇటే వచ్చారు. ఆమె చూడని ఊరివాళ్ళు లేరు.

“బూరుగుకుంట నేనెప్పుడూ వినలేదండి,” అన్నది. “ఆ దిక్కంటే నాకు దిలావర్‌పేటవాళ్ళు తెలుసు. నిరుడు ఎండల్లో ఊరు తగలబెడితే పిల్లాజెల్లాతో వచ్చి ఈ వసారాలోనే పడున్నారు. ఒకావిడ ఒంటిమీద చీర సగం కాలిపోయి ఉందండి. మా అత్తగారి పాత కోక ఇచ్చి పంపాను.”

దిలావర్‌పేట కాలిన సంగతి మాకు తెలియనిది కాదు. అప్పట్లో రాములు పత్రిక తెచ్చి మేం అన్నాలు తింటుండగా చదివి వినిపించాడు. అల్లరిమూక గుర్రాల మీద వచ్చిందని, ఊరు ఊరంతా బూడిద అయిందని. పాపం అనుకున్నాం. నేను తిని లేచి, నూనె దండగ, దీపం తగ్గించమని కోడలికి చెప్పాను. కాలిన ఊళ్ళ పేర్లు ఆ రోజుల్లో ఎన్నో వినేవాళ్ళం.

మర్నాడు బస్సులో మా ఎదురు బల్ల మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. ఒళ్ళో పొగాకు కట్ట పెట్టుకుని, వాన తడి తగలకుండా దాని మీద తన తలగుడ్డ కప్పాడు. ఆయన తల తడుస్తూనే ఉంది. హుజూర్‌నగర్ దాటాక నర్సయ్య ఉండబట్టలేక ఏ ఊరు అని అడిగాడు. నేరేడుచర్ల అవతల వాగుగట్టు అని చెప్పాడు. ఆ మాట వినగానే, ఊరి పేరు చెప్పవద్దన్న సంగతి మరిచి నేనే అడిగాను.

“బూరుగుకుంటనా?” అని ఆయన నా మొహం దిక్కు వంగి చూశాడు. “ఆ పేరు ఇని ఎన్నేండ్లాయె అవ్వా. మా ఈడోళ్ళం నలుగురం అంటమేమో. జాగీర్దారు బూరుగు చెట్లన్ని కొట్టిచ్చి, గడీ కట్టిచ్చి, వాళ్ళ నాయిన పేరు పెట్టిండు. సర్కారుల దిలావర్‌పేట అని రాసుకున్నరు. పిల్లగాండ్లంత గదే అంటరు.”

నర్సయ్య నా దిక్కు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. వరి మడులు, నీళ్ళు, ఒక కొంగ.

ముసలాయనకు అర్థమైంది. “మీవోళ్ళు ఎవలన్న ఉండిరా గాడ?” అని మెల్లగా అడిగాడు.

“నా చెల్లె.”

ఆయన, మిగిలినవాళ్ళు పాత ఊరు విడిచి పక్కనున్న మెరక మీద పాకలు వేసుకున్నారని, తను దిగేచోటే దిగితే దారి చూపిస్తానని చెప్పాడు. పొగాకు కట్ట విప్పి ఒక ఆకు తీసి నర్సయ్యకు ఇచ్చాడు.

మా ఇంట్లో అన్నం తింటూ విన్నది నా చెల్లెలి ఊరి సంగతేనని అప్పుడు తెలిసింది. మేం వాళ్ళ ఊరిని పెళ్ళినాటి పెద్దల నోటి పేరుతో ఎరుగుదుం, పత్రిక సర్కారు పేరుతో రాసింది. పత్రిక అబద్ధం రాయలేదు, మేమూ అబద్ధం అనుకోలేదు. మీ ఇళ్ళలో ఎవరైనా ఊర్ల పేర్లు రాసేటప్పుడు, ముసలివాళ్ళు ఏమంటారో, సర్కారు ఏమంటుందో, రెండూ పక్కపక్కన రాయండి. వాడపల్లిని కాగితాల్లో వజీరాబాదు అంటారు. మా సూర్యాపేటనే వెనకటివాళ్ళు భానుపురి అనేవాళ్ళట. పెద్ద ఊరైతే ఎవరో ఒకరు చెబుతారు. పల్లెకు చెప్పేవాళ్ళు ఉండరు.

నేరేడుచర్ల దాటాక దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని పొలం గట్ల మీద నడిచాం. వాగులో నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. ముసలాయన ముందు నడిచి లోతు చూశాడు. అవతలి గట్టున పాకలు చూపించి తన దారిన తను పోయాడు.

పాకల ముందు కర్రకు ఒక పలక కొట్టి ఉంది. తెలుగులో, ఉర్దూలో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను: శాంతినగర్. కొత్త అధికారులు వచ్చి కొట్టించారట. ఆ పేరు ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు.

మగవాళ్ళు కూలికి పోయారు. ఆడవాళ్ళు మమ్మల్ని చూసి లోపలికి పోయారు. బాలమ్మ అనే పెద్దామె మాత్రం కదలకుండా తాటాకు చీలుస్తూ కూర్చుంది. పాక కప్పు వేసుకుంటున్నారు. పోలీసులు పంపిన మనుషులమా అని అడిగింది. కాదన్నాను. రంగమ్మ అనే మనిషి కోసం వచ్చానన్నాను. ఆ పేరు ఎప్పుడూ వినలేదన్నది. సాలెవాళ్ళ కోడలు, చంద్రయ్య భార్య అన్నాను.

“సాలోళ్ళ చంద్రయ్యలు ఇద్దరు,” అన్నది బాలమ్మ. “ఇద్దరు అన్నదమ్ముల కొడుకులు. తాత పేరు ఇద్దరికి పెట్టిన్రు. ఒక చంద్రయ్య పెండ్లాముతోని సోలాపురం మిల్లుకు పోయిండు. ఒకాయన, పెండ్లాము, గాడనే కాలిపోయిన్రు.”

“రంగమ్మ ఎవలి పెండ్లాము?”

“పేర్లు మాకేం ఎరుక అవ్వా.”

మేం సూర్యాపేటవాళ్ళం, సూర్యాపేట ఆమె ఎవరన్నా ఉండెనా అని అడిగాను. కొంచెం ఆలోచించి, సూర్యాపేట ఆమె ఈ ఊళ్ళో ఎవరూ లేరన్నది. లోపలి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు బయటికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళూ లేరన్నారు.

నర్సయ్య నన్ను పక్కకు పిలిచాడు. “ఇగ అడగకు వదినె,” అన్నాడు. “సోలాపురం పోయింది మన రంగమ్మనే. రాములుకు గట్లనే చెప్దాం. బియ్యం ఇచ్చేది లేదు, ఏడ్చేది లేదు. పా, పొద్దు పోతది.”

ఆ మాట నాకూ రుచించింది. లేదంటే అబద్ధం. ఒక చంద్రయ్య బతికున్నాడు, ఒకడు పోయాడు. బతికున్నవాడే మనవాడు అనుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? మూట ఎత్తుకున్నాను.

అంతలో పాకల వెనక నుంచి ఎవరో కేక పెట్టారు. “ఓ మునగాలామె, నీ మేకలు గీడ పడ్డయి.” బాలమ్మ పక్కన నిలబడ్డ ఆడమనిషి చీర చెక్కుకుని మేకల దిక్కు పోయింది.

నేను మూట కింద పెట్టాను. కోడలిగా వచ్చిన ఆడదాన్ని మన పల్లెల్లో పేరుతో పిలవరు, పుట్టిన ఊరితో పిలుస్తారు. కొత్తలో పెట్టిన పిలుపే చచ్చేదాకా. నన్నే మా వీధిలో నలభై ఏళ్ళుగా తిరుమలగిరామె అంటారు. నా పేరు తెలిసినవాళ్ళను వెతికితే దొరకరు. సూర్యాపేట నేను మెట్టిన ఊరు. నా చెల్లెలు సూర్యాపేటలో పుట్టలేదు, అక్కడ ఉండలేదు. మా పుట్టిల్లు తిరుమలగిరి. అమ్మా అయ్యా పోయి, ఇల్లు కూలి, ఆ ఊరి పేరు మా ఇంట్లో అనడం మానేశాం. రాములు రాసిన కాగితంలోనూ అందరం సూర్యాపేటవాళ్ళమే.

“సోలాపురం పోయింది ఏ ఊరామె?” అని అడిగాను.

“నకిరేకల్లామె,” అన్నది బాలమ్మ.

“మరి ఇంకొకామె?”

నర్సయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. బాలమ్మ తాటాకు చీలుస్తూనే ఉంది. “ఆమె తిరుమలగిరామె,” అన్నది. తర్వాత చెయ్యి ఆపి నా మొహం చూసింది. “ఎడమచేతితోని నూలు ఆసు పోసేది. నీ పోలిక ఉన్నది.”

నా చెల్లెలిది పుర్రచెయ్యి. మా అమ్మ చిన్నప్పుడు వాతలు పెట్టినా మానలేదు.

బాలమ్మే లేచి పాత ఊరు చూపించడానికి వచ్చింది. కూతవేటు దూరం. జాగీర్దారు గడీ గోడలు రెండు నిలబడి ఉన్నాయి. మిగిలింది మట్టిదిబ్బలు, వాటి మీద తుమ్మ మొలకలు. నడుస్తూ ఆమె చెప్పింది. గుర్రాలు వస్తున్నాయని తెలిసి అందరూ వాగు దిక్కు పరుగెత్తారు. చంద్రయ్యకు కాళ్ళు వాచి ఏడాదిగా మంచం దిగలేదు.

“తిరుమలగిరామె మాతోని వాగు దాక వచ్చింది,” అన్నది. “నీళ్ళల్ల దిగినంక ఆగింది. ఆయన నడవలేడు, నేను పోత అన్నది. నేను కొంగు పట్టి గుంజిన. ఇడిపిచ్చుకొని పోయింది. మగ్గం గుంతల దిగితే మంట తగలదనుకున్నరేమో. ఇల్లు మీద కూలింది. వచ్చి సూసినంక తియ్యబుద్ధి కాలే. గా గుంతలనే మన్ను కప్పినం.”

మగ్గం గుంత అంటే నేతగాడు కాళ్ళు పెట్టుకుని కూర్చునే గొయ్యి. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి చోటు. చిన్నప్పుడు ఎండల్లో నేనూ రంగమ్మా అందులోనే దిగి ఆడుకునేవాళ్ళం. అయ్య నేతకు వచ్చి మా ఇద్దరినీ జుట్టు పట్టి పైకి లాగేవాడు.

ఇల్లు ఉన్నచోట నేల కొంచెం దిగి ఉంది. దాని మీద గుమ్మడి తీగ అల్లుకుంది. ఎవరూ పెట్టలేదట, ఇంట్లో దాచిన గింజలే మొలిచి ఉంటాయన్నది బాలమ్మ. రెండు కాయలు కాసి ఉన్నాయి. ఊళ్ళో తిండికి కటకటగా ఉన్నా ఆ తీగ కాయ ఎవరూ కొయ్యరు. పెత్రమాసకు గుమ్మడికాయ కావాలి, బజారులో కొనాలి. నేనూ కొయ్యలేదు.

నర్సయ్య ఆ దిబ్బ మీద కూర్చుని ఏడ్చాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి రొట్టె ముక్క ఇచ్చాను. వద్దన్నాడు. ఆయన తిండి వద్దనడం నేను అదే మొదట చూడడం. ఆ ముక్క బాలమ్మకు ఇచ్చాను. ఆమె అక్కడ తినకుండా కొంగున కట్టుకుంది. పోయేటప్పుడు, తిరుమలగిరామెకు అక్క ఉందని తెలుసు గాని ఏ ఊళ్ళో ఉందో చెప్పేది కాదని, చెబితే అప్పుడే మనిషిని పంపేవాళ్ళమని అన్నది. ఎట్లా చెబుతుంది? ఎవరూ అడిగి ఉండరు. మేమూ అడగలేదు.

బాటకు వచ్చి, వడ్ల లారీ ఒకటి పోతుంటే ఎక్కి, చీకటి పడకముందే మిర్యాలగూడ చేరాం. బస్సుల దగ్గర సత్రం ఉంది. చాప మనదే ఉండాలి. బజారులో బియ్యం సూర్యాపేటకన్నా నయమైన ధరకు ఉన్నాయి, బేరమాడండి. నేను ఆ పూట ఆడలేదు. అంగడివాడు చెప్పిన ధరకే రెండు సోలలు పోయించుకున్నాను, ఒక గుమ్మడికాయ కొన్నాను. నర్సయ్య నా మొహం చూసి సంచి తీసుకుని తనే మోశాడు.

మూసీ పొంగి దగ్గరి దారి మూసుకుపోయింది. మర్నాటి బస్సు వేములపల్లి మీదుగా చుట్టు తిరిగి పోతుందన్నారు. ఛార్జీ ఎక్కువ, పగలంతా ప్రయాణం. నకిరేకల్లులో బస్సు చాలాసేపు ఆగింది. సోలాపురం పోయిన ఆమెది ఈ ఊరే. ఆమె పుట్టింటివాళ్ళు ఇక్కడే ఎక్కడో ఉంటారు. తమ బిడ్డ ఊరు కాలిందని విన్నారో లేదో, ఏ పేరుతో విన్నారో. దిగి, నూలు అమ్మే అంగడిలో కనుక్కుని, దిలావర్‌పేట సాలెవాళ్ళకు పిల్లనిచ్చినవాళ్ళుంటే ఆమె సోలాపురంలో క్షేమంగా ఉందని చెప్పమన్నాను. అంగడాయనకు అర్థం కాలేదు. బూరుగుకుంట అన్నాను. “అట్ల చెప్పు,” అని, ఇల్లు తనకు తెలుసు, పొద్దుగూకే లోపల చెబుతానన్నాడు. బస్సు మా కోసం ఆగి ఉంది. కండక్టరు తిట్టాడు. తిట్టనీ.

ఆ దారిలో ఇంకోసారి మిలటరీవాళ్ళు ఆపారు. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే నర్సయ్య నోరు తెరిచేలోపు నేనే చెప్పాను, శాంతినగర్ అని. కాగితం చూసి, సరే పొమ్మన్నారు. పోయిన ఊరి కొత్త పేరు చెబితే ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ ప్రయాణంలో చూసింది ఇంతే. వాన, బురద, బొగ్గు పొగ, సగం ఖాళీ అయిన ఊళ్ళు. పోతే పొండి, వానాకాలం మాత్రం వద్దు. పోయేముందు ఇంట్లో ముసలివాళ్ళుంటే, మీ ఆడపిల్లలు మెట్టిన ఊర్లను వాళ్ళ నోట ఏమనేవాళ్ళో, ఆ ఊళ్ళో వాళ్ళను ఏ ఊరామె అని పిలుస్తారో అడిగి తెలుసుకుని పొండి. మా ఇంట్లో అడగడానికి నాకన్నా ముసలివాళ్ళు మిగల్లేదు.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ. రాములు అరుగు మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నీళ్ళ చెంబు అందించాడు. నేను కాళ్ళు కడుక్కుని కూర్చుని మొత్తం చెప్పాను. దిలావర్‌పేట పేరు రాగానే వాడు తల దించుకున్నాడు. ఆ పత్రిక చదివింది వాడే. కాగితం తెచ్చి, రంగమ్మ పక్కన ఏ ఊరు రాయాలని అడిగాడు.

“మూడు రాయి,” అన్నాను. “నన్ను గూడ దిద్దు. నేను సూర్యాపేటల పుట్టలే. తిరుమలగిరి అని రాయి.”

మర్నాడు పెత్రమాస. వాన ఆగింది. తలంటుకుని, తడిచీరతోనే బియ్యం చేటలో పోసి, మీద గుమ్మడికాయ పెట్టి అరుగు మీద కూర్చున్నాను. అయ్యవారు వచ్చి మా మామగారి నుంచి వరసగా పేర్లు చదివాడు. అయ్యాయా ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఇంకా ఇద్దరు ఉన్నారన్నాను. పేరు, గోత్రం చెబితే చాలు, ఊరు అక్కర్లేదన్నాడు. చంద్రయ్య, రంగమ్మ అన్నాను. బూరుగుకుంట, దిలావర్‌పేట, శాంతినగర్ అన్నాను. అక్కడ ఆమెను తిరుమలగిరామె అంటారు, ఆ పేరు కూడా పలకమన్నాను. ఆయన రాములు దిక్కు చూశాడు. రాములు పలకమన్నట్టు తల ఊపాడు. అయ్యవారు అన్నీ పలికాడు. ఒక సోల చంద్రయ్య పేరు మీద, ఒక సోల రంగమ్మ పేరు మీద ఇచ్చాను.